కుర్చీ వెనుక బొమ్మ

తల్లికి రెండో కంటి శుక్లం కూడా తీయించాక, కట్టు విప్పిన మర్నాడు ఆమె కూతురి వంటింట్లోకి వచ్చి, చుట్టూ ఒకసారి చూసి, "ఈ గోడలు ఎప్పట్నుంచే ఇంత జిడ్డుగా ఉన్నాయి?" అంది.

కూతురు నొచ్చుకోలేదు. చూపు తిరిగొచ్చినవాళ్ళు ముందు ఇంట్లో దుమ్ము చూస్తారని, ఆ తర్వాతే మనుషుల్ని చూస్తారని డాక్టరు నవ్వుతూ ముందే చెప్పాడు. అన్నట్టే ఆ వారమంతా ఆమె కంటినుంచి ఏదీ తప్పించుకోలేదు. అల్లుడి చెవుల దగ్గర నెరిసిన వెంట్రుకలు, మనవరాలు బీరువా వెనక దాచిన తెగిన చెప్పులు, కిటికీ అద్దం మీద ఎప్పటిదో వేలిముద్ర, అన్నీ బయటపడ్డాయి. తన చేతుల మీది మచ్చలు చూసుకున్నప్పుడు మాత్రం, "ఇవెప్పుడొచ్చాయో" అనుకుని చేతులు ఒళ్ళో దాచుకుంది.

ఆదివారం ఉదయం టీ తాగుతూ ఉన్నట్టుండి అడిగింది.

"నన్నొకసారి నగరానికి తీసుకెళ్తావా? మా మ్యూజియం చూడాలనుంది."

ఆమె తనకు ఫలానాది కావాలని నోరు తెరిచి అడగడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

"అదేంటమ్మా, సగం జీవితం అక్కడే గడిపావుగా!"

"గడిపానే. చూసిందెప్పుడు?"

కూతురు స్కూల్లో లెక్కల టీచరు. ఆ సాయంత్రమే తమ్ముడికి ఫోను చేసింది. అతను వేరే ఊళ్ళో, పంటి డాక్టర్లకు కట్టుడు పళ్ళు తయారుచేసి ఇస్తూ ఉంటాడు. ఎప్పుడు రమ్మన్నా, "ఈ వారం పళ్ళు చాలా ఉన్నాయక్కా" అనడం అతనికి అలవాటు. ఈసారి ఆ మాట రాలేదు.

"అమ్మే అడిగిందా? తన నోటితో?"

"తన నోటితోనే."

"అయితే నేనూ వస్తున్నా. పళ్ళదేముందిలే, ఇన్నాళ్ళూ లేకుండా నమల్లేదా వాళ్ళు!"

అక్కాతమ్ముళ్ళ చిన్నతనమంతా ఆ నగరంలోనే గడిచింది. తండ్రి ఒక అచ్చాపీసులో రాత్రి షిఫ్టు చేసేవాడు. తెల్లవారాక వచ్చి, సిరా వాసనతోనే మంచమెక్కి, సాయంత్రం దాకా నిద్రపోయేవాడు. ఉన్నది ఒకటే గది. పిల్లల బడి మధ్యాహ్నానికే వదిలేసేవారు. ఇద్దరు పిల్లలు ఒక్క గదిలో నాలుగైదు గంటలు కుక్కిన పేనుల్లా పడి ఉండడం జరిగే పని కాదు. అందుకని బడినుంచి నేరుగా తల్లి దగ్గరికి, మ్యూజియానికి వెళ్ళేవాళ్ళు.

తల్లి అక్కడ మేడమీద గది కాపలాదారు. నీలం కోటు, దానికి ఇత్తడి గుండీలు. ఒక గదంతా ఆమెది. గుమ్మం పక్కన గోడకు ఆనించి ఒక చెక్క కుర్చీ ఉండేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ కుర్చీలో నిటారుగా కూర్చుని, బొమ్మల మీద ఎవరూ చెయ్యి వేయకుండా చూడడమే ఆమె పని. డ్యూటీలో ఉండగా ఇంటివాళ్ళతో మాట్లాడకూడదని అక్కడ రూలు. సూపర్‌వైజరు రబ్బరు అడుగుల బూట్లతో చప్పుడు లేకుండా తిరిగేవాడు. పిల్లలు అతనికి 'పిల్లి' అని పేరు పెట్టుకున్నారు. పిల్లి ఎప్పుడు ఏ గుమ్మంలో ప్రత్యక్షమవుతాడో తెలియదు కాబట్టి, తల్లి మొదటి రోజే పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పేసింది.

"లోపలికొచ్చాక నేను మీ అమ్మను కాదు. మీరు బొమ్మలు చూడ్డానికొచ్చినవాళ్ళు. నేనెవరో మీకు తెలీదు, మీరెవరో నాకు తెలీదు. సరేనా?"

ఆ మాట మీద ఆమె ఎంత గట్టిగా నిలబడిందంటే, కన్నపిల్లల్ని అక్కడ 'మీరు' అనేది. ఆరేళ్ళ కొడుకు ఫ్రేము మీద వేలు పెట్టబోతే, "బాబుగారూ, కాస్త దూరంగా నిలబడండి" అనేది. వాడు నవ్వు ఆపుకోలేక కందిపోయి, "సరేనండీ" అనేవాడు. ఒకరోజు ఇంటికొచ్చాక కూడా ఆ ధోరణి వదలక, "అమ్మగారూ, ఆకలేస్తోందండీ" అన్నాడు. మంచం మీద దుప్పటి కదిలింది. నిద్రలో ఉన్నాడనుకున్న తండ్రి లోపల్లోపల నవ్వుతున్నాడు.

ఆ గదిలో ఉన్న బొమ్మలకు అసలు పేర్లేమిటో పిల్లలు ఎప్పుడూ చదవలేదు. వాళ్ళ పేర్లు వాళ్ళకున్నాయి. రెండు కిటికీల మధ్య 'పంటినొప్పి మామయ్య' ఉండేవాడు. నల్లకోటు వేసుకున్న లావుపాటి పెద్దమనిషి. ఒక బుగ్గ ఉబ్బి, కళ్ళు చికిలించి, ఎవరు పలకరించినా తిట్టేలా ఉండేవాడు. ఎదురుగోడకు 'చలేసే అత్తయ్య'. తల్లి కుర్చీకి పైన, సరిగ్గా ఆమె తలమీదుగా, బట్టలారేసిన పెరడు. తాడు మీద తెల్లటి దుప్పట్లు, వాటి వెనక తెరిచిన తలుపు, ఆ తలుపులో సగం నీడలో సగం వెలుగులో ఒక మనిషి. ఆ మనిషి బయటికి వస్తున్నాడని తమ్ముడు, కాదు లోపలికి వెళ్తోందని అక్క. అసలు ఆడో మగో కూడా తేలలేదు.

గది మధ్య బెంచీ మీద కూర్చుని హోంవర్కు చేసుకుంటూ తలెత్తితే ముందు అమ్మ, అమ్మ పైన దుప్పట్లు. అమ్మతో మాట్లాడకూడదు, అమ్మను చూసి నవ్వకూడదు. బొమ్మను మాత్రం ఎంతసేపైనా చూడొచ్చు. అందుకని బొమ్మను చూస్తున్నట్టు అమ్మను చూసేవాళ్ళు.

తండ్రి పోయి, తల్లి రిటైరయ్యాక ఆమె కూతురి దగ్గరికి వచ్చేసింది. ఆ తర్వాత ముగ్గురిలో ఎవరూ మ్యూజియం గడప తొక్కలేదు.

రైలు దిగి, స్టేషన్లోనే ముగ్గురూ రొట్టె తిని, కాఫీ తాగి బయల్దేరారు. తల్లి ట్రాములో కిటికీ పక్కన కూర్చుని ఒక్కో వీధి పేరూ ముందే చెప్పేస్తోంది. సగం తప్పయ్యాయి. బూట్ల కొట్టున్న చోట బ్యాంకు వచ్చింది. తండ్రి పనిచేసిన అచ్చాపీసు ఇప్పుడు పెద్ద పెద్ద అద్దాల జిమ్ము. లోపల ఎవరో చెమటలు కక్కుతూ ఉన్నచోటే పరుగెడుతున్నారు.

"మీ నాన్న చూస్తే ఏమనేవాడో" అంది తల్లి. "ఇంత కష్టపడేవాడు రెండు కట్టలు కాగితమైనా మొయ్యొచ్చుగా అనేవాడు."

మ్యూజియం ముందు మెట్లు ఎక్కుతూ ఆమె సగంలో ఆగింది.

"ఆయాసమా?" అన్నాడు కొడుకు.

"కాదురా. ఈ మెట్లు నేనెప్పుడూ ఎక్కలేదు. మాకు అటు, సైకిళ్ళ షెడ్డు పక్క గుమ్మం."

కొడుకు టికెట్లు కొనుక్కొస్తే ఆమె తన టికెట్టు తానే తీసుకుని, గుమ్మం దగ్గర మనిషికి తానే చూపించింది. లోపల పాలరాతి విగ్రహాలున్నాయి, బంగారు రేకు తాపిన పెట్టెలున్నాయి, ఇంత పొడుగు తివాచీలున్నాయి. దేనిదగ్గరా ఆగలేదు. పుట్టింటికొచ్చిన ఆడపిల్ల వీధరుగు మీదవాళ్ళను పట్టించుకోకుండా లోపలికి పోయినట్టు నేరుగా మేడ మెట్లెక్కి తన గదిలోకి వెళ్ళింది.

ముదురాకుపచ్చ గుడ్డ అతికించి ఉండే గోడలు ఇప్పుడు లేత బూడిదరంగులో ఉన్నాయి. చెక్కనేల మెరుగు వాసన లేదు. బెంచీ కొత్తది.

"నా కుర్చీ ఏది?" అంది తల్లి.

గుమ్మం పక్కన కుర్చీ ఉండే చోటు ఖాళీగా ఉంది. అక్కడ కాపలా మనిషి నిలబడి ఉంది. నలభై ఏళ్ళావిడ, చెవిలో తీగ, నడుముకు చిన్న వాకీటాకీ.

"కుర్చీలు తీసేశారమ్మా. కూర్చుంటే నిద్రపోతామట. ఇప్పుడందరం నిలబడే."

"రోజంతానా?" తల్లి మొహం ఎర్రబడింది. "నేనున్నన్నాళ్ళూ ఈ గదిలో ఎవరూ కునుకు తియ్యలేదు. కాళ్ళేమైపోవాలి మీకు?"

"మీరిక్కడ చేసేవారా పెద్దమ్మా?"

అంతే. చిన్నప్పుడు విడిపోయిన అక్కచెల్లెళ్ళు కలిసినట్టు మాటల్లో పడ్డారు. మోకాళ్ళ వెనక ఉబ్బే నరాలు, గట్టి అడుగున్న బూట్లు, వారానికోసారి మారే డ్యూటీలు. ఇప్పుడూ ఒక పిల్లి ఉన్నాడు, కాకపోతే అతను నడిచి రాడు, కెమెరాలో చూస్తూ వాకీటాకీలో అరుస్తాడట. గదికాపలా ఉద్యోగం గురించి తల్లి ఇంత మాట్లాడడం అక్కాతమ్ముళ్ళు ఎన్నడూ వినలేదు.

అంతలో కిటికీల దగ్గరనుంచి తమ్ముడు గుసగుసగా పిలిచాడు.

"అక్కా, ఇటు రా. మామయ్యకేదో అయింది."

పంటినొప్పి మామయ్య ఉన్నాడు. నల్లకోటు అదే, లావు అదే. కానీ బుగ్గ వాపు లేదు. కళ్ళు చికిలించడం లేదు. గులాబీరంగు మొహంతో, తిన్నది బాగా అరిగినవాడిలా, హాయిగా చూస్తున్నాడు.

"వేరే బొమ్మేమోరా."

"కాదు. చూడు, కుడిచేతి చిటికెన వేలు సగమే ఉంది. వాడే వీడు."

కాపలా ఆవిడ వచ్చి చెప్పింది. బొమ్మలన్నిటినీ శుభ్రం చేశారట. పైన పూసిన మెరుగు ఏళ్ళు గడిచేకొద్దీ నల్లబడి, ఒకవైపు పేరుకుపోయిందట. అది తీసేసరికి లోపల ఇలా ఉన్నాడు.

"అంటే వాపు మురికా?" తమ్ముడు మొహం వేలాడేశాడు. "నేను బడిలో ఒక వ్యాసం రాశాను వీడి మీద. ఏ పన్నో కూడా కనిపెట్టాను. కింద వరసలో చివరిది."

"పోనీలేరా" అంది తల్లి వెనకనుంచి. "ఇన్నాళ్ళకైనా నొప్పి తగ్గింది, సంతోషించు."

అక్క పగలబడి నవ్వింది. తమ్ముడూ నవ్వాడు గానీ, వెళ్ళేముందు ఇంకోసారి వెనక్కి చూశాడు. ఊళ్ళో తెలిసినవాడు బాగుపడ్డాక మనల్ని గుర్తుపట్టకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది అతనికి.

అప్పుడు తల్లి ఒకప్పుడు తన కుర్చీ ఆనించి ఉన్న గోడ వైపు తిరిగింది. అక్కడ ఇప్పుడు ఒక పూలకుండీ బొమ్మ వేలాడుతోంది.

"నా కుర్చీ వెనకాల బొమ్మ కూడా ఇది కాదు కదూ?"

"కాదు, బట్టలారేసినది" అంది కూతురు.

"అదే చూద్దామని వచ్చాను."

ఇద్దరూ ఆమె వైపు చూశారు. అన్నేళ్ళు దాని కిందే కూర్చున్న మనిషి!

"వెనకాల ఏదో తెల్లగా ఉందని తెలుసు. అంతకుమించి తెలీదు. దాని మొహం చూడాలంటే గదికి వీపు పెట్టాలి. గదికి వీపు పెడితే పిల్లి ఊరుకుంటాడా? ఉద్యోగం పీకేస్తాడు. సాయంత్రం దీపాలార్పేశాక చూద్దామంటే, మీ నాన్న పనికెళ్ళే టైము, మీకు అన్నం పెట్టాలి. రేపు చూద్దాం, రేపు చూద్దాం అనుకున్నా. పెరటిచెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా?"

ఆ బొమ్మను నదికి అవతల కట్టిన కొత్త గ్యాలరీకి పంపేశారని కాపలా ఆవిడ చెప్పింది. వంతెన దాటితే కనిపిస్తుంది, తెల్లటి డబ్బాలా ఉంటుంది అంది. తల్లి ఆమె చెయ్యి పట్టుకుని, "కుర్చీ అడగండి. అందరూ కలిసి అడగండి" అని చెప్పి కదిలింది.

వంతెన మీద గాలి గట్టిగా ఉంది. తల్లి కొడుకు చెయ్యి పట్టుకుని నడుస్తోంది.

"మరి అన్నేళ్ళూ ఏం చూసేదానివమ్మా అక్కడ?" అన్నాడతను.

"చేతులు. బొమ్మలు చూసినందుకు కాదురా వాళ్ళు నాకు జీతమిచ్చింది, చేతులు చూసినందుకు. మనిషి లోపలికి రాగానే ముందు చేతులు చూడాలి. జేబులో పెట్టుకున్నవాళ్ళతో భయం లేదు. వెనక్కి కట్టుకున్నవాళ్ళు మంచివాళ్ళు. వేలు ముందుకు చాపి మాట్లాడేవాడితోనే ప్రమాదం." కాస్త ఆగి అంది. "కొత్తగా పెళ్ళయినవాళ్ళు వచ్చేవాళ్ళు. రెండు చేతులూ కలిసే ఉండేవి. వాళ్ళను చూడక్కర్లేదు, వదిలేసేదాన్ని."

"మమ్మల్నో?" అంది కూతురు.

"మీ చేతులకు సిరా మరకలుండేవి. ఎప్పుడూ భయమే నాకు."

కొత్త గ్యాలరీలో గదులు గిడ్డంగుల్లా ఉన్నాయి. ఒకచోట నేలమీద ఇనప ముక్కలు కుప్పపోసి ఉన్నాయి. ఒకచోట గోడంతా ఒకే నీలం. ఇంకోచోట పైనుంచి వందలకొద్దీ ఖాళీ సంచులు వేలాడుతున్నాయి. తల్లి అన్నిటినీ సమానంగా, మర్యాదగా చూసుకుంటూ నడిచింది. తమ్ముడికి కాలు లాగి, పక్కనున్న చెక్క దిమ్మకు చెయ్యి ఆనించబోయాడు.

"బాబుగారూ, చెయ్యి తియ్యండి!"

ఆ గొంతు గదంతా మోగింది. నలుగురైదుగురు తలతిప్పి చూశారు. ఒకాయన కంగారుగా తన చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. తల నెరిసిన తమ్ముడు ఉలిక్కిపడి చెయ్యి తీసేసి, "సరేనండీ" అన్నాడు. తల్లికి తానేమన్నదో అప్పుడు అర్థమై కొంగలా మెడ ముడుచుకుంది. ముగ్గురూ ఆ గదిలోంచి బయటపడేదాకా నవ్వు ఆపుకోవడానికి తంటాలు పడ్డారు.

బొమ్మ ఆ పక్కగదిలోనే ఉంది. పెద్ద తెల్లగోడ మీద అదొక్కటే. కూతురు ముందు చూసింది. దుప్పట్లున్నాయి. తాడుంది. తెరిచిన తలుపుంది. దీన్నీ శుభ్రం చేశారు, గడ్డి పచ్చగా లేచొచ్చింది. అంతా ఉంది, అయినా ఏదో లేదు. ఆమె ఎడమకు జరిగి చూసింది, వెనక్కి వెళ్ళి చూసింది. ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుంటే కనిపించిన బొమ్మ ఇది కాదు.

"కింద ఖాళీగా ఉంది కదక్కా" అన్నాడు తమ్ముడు మెల్లిగా.

అదే. బొమ్మ కింద తెల్లగోడ తప్ప ఏమీ లేదు.

తల్లి ఇంకా గుమ్మం దగ్గరే ఉంది, బూటు తాడు సరిచేసుకుంటూ. కూతురు వెళ్ళి ఆమె భుజం పట్టుకుంది.

"అమ్మా, చూసేముందు ఒక్క నిమిషం దాని కింద నిలబడవూ? మావైపు తిరిగి."

"ఎందుకే?"

"ఊరికే."

తల్లి ఆ గది కాపలాదారు వైపు చూసింది. పాతికేళ్ళ కుర్రాడు. "గోడకు తగలను నాయనా" అని అతనికి చెప్పి, కళ్ళు బొమ్మమీద పడకుండా నేలచూపుతో వెళ్ళి, గోడకు మూరెడు ఎడంగా నిలబడి, ఇటు తిరిగింది. తిరగగానే వీపు నిటారయింది. చేతులు ముందు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. కళ్ళు గదినంతా ఒకసారి చుట్టొచ్చి, ఎవరూ తెలియనట్టు నిలిచాయి.

ఆమె పొట్టిదైపోయింది. అప్పుడు కుర్చీలో కూర్చున్నా దుప్పట్ల అంచు ఆమె జుట్టును తాకుతున్నట్టుండేది. ఇప్పుడు నిలబడినా మధ్యలో జానెడు గోడ కనిపిస్తోంది. జుట్టు కూడా తెల్లబడి దుప్పట్ల రంగులో కలిసిపోయింది. కానీ ఆ మొహం అదే. సాయంత్రం నాలుగింటికి ఆకలేసి, లెక్కలు రాక, ఇంటికెళ్దామని అడగడానికి వీల్లేక, తలెత్తి చూసిన మొహం.

తమ్ముడు అక్క చెయ్యి పట్టుకున్నాడు. తల్లి కాసేపు చూసి, పెదవులు కదలకుండా, "అయిందా?" అంది.

"అయిందమ్మా. ఇప్పుడు వెనక్కి తిరుగు."

ఆమె తిరిగింది. తిరిగి, రెండడుగులు వెనక్కి వేసి తలెత్తింది. కొత్త చూపుతో ఆ మూలనుంచి ఈ మూలకు, మెల్లగా, చదివినట్టు చూసింది. కాసేపటికి కుర్రాడు గడియారం చూసుకున్నాడు. ఇంకెవరో వచ్చి, చూసి, వెళ్ళిపోయారు. ఆమె కదల్లేదు.

"ఎవరో గానీ బట్టలు సరిగ్గా పిండలేదు" అంది చివరికి. "కిందంతా నీళ్ళు కారి మడుగైంది, చూడండి."

అక్కాతమ్ముళ్ళు వంగి చూశారు. నిజమే, తాడు కింద గడ్డిలో చిన్న నీటి మెరుపు. అన్ని వందల మధ్యాహ్నాలు చూసినా వాళ్ళ కంటపడలేదు.

"ఆ తలుపులో మనిషి బయటికొస్తోందా, లోపలికెళ్తోందా? ఇప్పటికైనా తేల్చమ్మా" అన్నాడు తమ్ముడు.

"ఎటూ వెళ్ళట్లేదురా. నిలబడి చూస్తోంది, బట్టలు ఆరాయో లేదోనని." ఇంకాసేపు చూసి, గొంతు తగ్గించి అంది. "మీరిద్దరూ ఎప్పుడూ నా నెత్తిమీదకే చూస్తూ ఉండేవాళ్ళు. అంత బాగుందా ఆ బొమ్మ అనుకునేదాన్ని. నన్నొదిలేసి దాన్నే చూస్తున్నారని ఉక్రోషంగా కూడా ఉండేది."

తమ్ముడు అన్నాడు.

"నిన్నేనమ్మా చూసింది. బొమ్మ మీద నెపం పెట్టి."

తల్లి అతని వైపు తిరగలేదు. బొమ్మనే చూస్తూ తల ఊపింది. కళ్ళద్దాలు తీసి, కోటు అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. ఆపరేషనైన కళ్ళు ఊరికే నీరు కారుస్తాయని డాక్టరు చెప్పాడు కాబట్టి పిల్లలు ఏమీ అడగలేదు.

సాయంత్రం రైలుకు తిరిగి వెళ్ళాలని అనుకున్నారు. బయటికొచ్చి నది గట్టున కూర్చుని టీ తాగుతుంటే, తల్లి అవతలి ఒడ్డున మ్యూజియం కప్పు వైపు చూస్తూ అడిగింది.

"అక్కడ మొత్తం ఎన్ని గదులుంటాయే?"

"నీకు తెలీదా?"

"నాకు నా గదే తెలుసు. పక్కగదివాళ్ళు టీకి వెళ్తే ఒక కన్ను అటూ వేసేదాన్ని, అంతే. పొద్దున విగ్రహాలు కూడా చూడకుండా వచ్చేశాం."

తమ్ముడు ఫోను తీసి, తన పళ్ళపని రెండు రోజులు వాయిదా వేశాడు. కూతురు స్కూలుకు సెలవు చెప్పింది. స్టేషను దగ్గర లాడ్జీలో ఒకే గది దొరికింది. ముగ్గురూ చాలా ఏళ్ళ తర్వాత ఒక్క గదిలో పడుకున్నారు.

మర్నాడు తల్లి వాళ్ళను పరుగులు పెట్టించింది. విగ్రహాలు, గాజుసామాను, యుద్ధాల బొమ్మలు, పళ్ళ బుట్టలు, ఏదీ వదల్లేదు. మధ్యాహ్నానికి అక్కాతమ్ముళ్ళ కాళ్ళు పడిపోయి ఒక బెంచీ మీద కూలబడితే, ఆమె ఒక్కతే చేతులు వెనక్కి కట్టుకుని గదినుంచి గదికి తిరిగింది.

తిరుగు ప్రయాణంలో రైలు నగరం దాటాక ఆమె మాట్లాడడం మొదలుపెట్టింది. ఎక్కడో ఆఖరి గదిలో, మూలకు, అరచేయంత బొమ్మ ఒకటి చూసిందట.

"అది మేం చూడలేదే" అన్నాడు తమ్ముడు. "ఏముంది దాంట్లో?"

ఆమె కిటికీకి జారగిలబడి, కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది.

"ఒక పడవ" అంది. "పడవలో ఒక ముసలాయన. పక్కన ఏదో మూట..."

అక్క తమ్ముడి భుజానికి తల ఆనించి వినసాగింది.